మా వంటయింటి చీమలదారి

అనకాపల్లి బెల్లమునకు పేరుపడిన ప్రాంతమున కాపురముండుట భాగ్యమేయని మేమును ఒప్పుకొందుము. కాని యా భాగ్యములో కొంత పాలు చీమలకు పంచి యీయవలసి యుండునని క్రొత్తగా కాపురమునకు వచ్చిన నాడు మాకెవ్వరును చెప్పలేదు. మావారు ఉపాధ్యాయులు. వారి బడికి నడచిపోవునంత దూరములో, చెరకు తోటల నడుమనున్న పల్లెలో మా పెంకుటిల్లు. గానుగలాడు దినములలో ఊరంతయు కాగిన చెరకు రసపు వాసనతో నిండియుండును. ఏటేట ఆ దినములలోనే మా యత్తగారు సంవత్సరమునకు సరిపడు బెల్లము తెప్పించి వంటయింటి మూల పెట్టించుదురు. ఆ మూలకు గడప మీదుగా, గోడ వెంబడి, పొయ్యిగట్టు అంచున, నల్లని నూలుపోగు పఱచినట్లు చీమల బారు. అది యా యింటికి మాకంటె ముందు వచ్చినదనియే మా నమ్మకము.

మూడేండ్ల క్రిందట శ్రావణమాసమున జరిగిన సంగతి చెప్పినగాని మేమీ విషయమును గూర్చి వ్రాయబూనిన కారణము సోదరీమణులకు బోధపడదు. వరలక్ష్మీ వ్రతము నాడు కోడి కూయకముందే లేచి, తలంటుకొని మడి గట్టుకొని, సెనగపప్పు ఉడికించి రుబ్బి, బెల్లమును ఏలకుల పొడియు చేర్చి, బూరెలకు పూర్ణపు ఉండలు చేసి ఇత్తడి పళ్లెరమున నుంచితిమి. పైన మఱియొక పళ్లెరము మూసి, కలశమును అలంకరించుటకు పోతిమి. గంటన్నర గడచినది. తిరిగి వచ్చి మూత తీయగా పూర్ణము కనబడలేదు. చీమలు మాత్రమే కనబడినవి. ఎండబెట్టుటకు వీలు లేదు, దులుపుటకు వీలు లేదు. అమ్మవారికి ఎంగిలి నైవేద్యమా? పళ్లెరమును పెరటిలో గుమ్మరించి, మరల పొయ్యి వెలిగించి, మధ్యాహ్నము రెండు గంటలకు గాని నైవేద్యము పెట్టలేకపోతిమి. సాయంకాలము పేరంటమునకు వచ్చిన ముత్తైదువలలో నొకావిడ సంగతి విని, "అయితే మాస్టారిగారింట చీమలకు కూడా వాయనం ఇచ్చారన్నమాట" అనెను. అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. కాని యా మాట రాత్రి పడుకొనిన తరువాత కూడ ముల్లువలె గ్రుచ్చుచునే యుండెను.

మా యత్తగారు చదువుకొన్నవారు కారు. సంతకము చేయగలరు, పంచాంగములో తిథి చూడగలరు, అంతే. ప్రతి దినమును వాకిలి ఊడ్చి నీళ్లు చల్లి ముగ్గు పెట్టిన పిమ్మట పిడికెడు నూకలు పెరటిగోడ మొదట చల్లుట వారి యలవాటు. పండుగ దినములలో అంగడి ముగ్గును ముట్టరు. బియ్యపు పిండితోనే వేయుదురు. "అంగట్లో అమ్మేది రాతిపొడి. దాన్ని ఏ చీమ తింటుంది?" అందురు. మేమో, తండ్రిగారు ఇంటనే కూర్చుండబెట్టి అమరము, రఘువంశము, భారతము చదివించినవారము. చదువు గలదను గర్వము మాకు లేదని యెప్పుడును అనుకొనుచుండువారము కూడ. వ్రతము మఱునాడు, ఇన్నేండ్లు వారు మేపినందుననే చీమలు ఇల్లు మరగినవని అత్తగారితో అని, అంగడినుండి చీమల సుద్ద తెప్పింపనెంచితిమి. వారు వలదనిరి. అప్పుడు మేము పంచసూనల ప్రసంగము తెచ్చితిమి.

గృహస్థుని యింట పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్లకుండ అను నీ యైదును ప్రాణివధ జరుగు తావులని మనుస్మృతి చెప్పుచున్నది. వండుచు, విసరుచు, ఊడ్చుచు, దంచుచు, నీళ్లు ముంచుచు మనమెఱుగకయే యెన్నో సూక్ష్మ జీవులను చంపుచుందుము. సంసారమన్న తరువాత అవి చచ్చుట తప్పదని ఋషులే యొప్పుకొనిరి గదాయని మేము వాదించితిమి. అత్తగారు బియ్యములో రాళ్లేరుచు తలయెత్తక, "తెలియక తొక్కడం వేరు, తెలిసి గీత గీయడం వేరు" అనిరి. ఆ పంచసూనల పాపము పోవుటకే పంచమహాయజ్ఞములు విధింపబడినవనియు, వానిలో భూతయజ్ఞమనగా కాకికి, కుక్కకు, పురుగునకు ఇంత పెట్టుటయే యనియు మాకు తెలియకపోలేదు. పిడికెడు నూకలతో వారు దినదినము చేయుచున్నది యదియే. కాని వాదమునకు కావలసిన సగమును పట్టుకొని తక్కిన సగమును విడిచితిమి.

చీమల సుద్ద చూచుటకు బడిలో నల్లబల్లపై వ్రాయు సుద్దముక్కవలెనే యుండును. గడపకు అడ్డముగా నొక గీత, పొయ్యిగట్టు చుట్టును నొక గీత, బెల్లపు మూలను మూడు గీతలు గీసితిమి. గీతను దాటిన చీమ కొంత దూరము పోయి వెల్లకిల పడి కాళ్లు తన్నుకొని చచ్చుచుండెను. తెల్లవారి చేటతో ఎత్తిపోసితిమి. నిజము చెప్పవలెనన్న, మొదటి వారము మాకు సంతోషమే కలిగెను. పదవ దినమునకు, గీత లేని తావున, నీళ్ల బిందె వెనుక మఱియొక బారు బయలుదేరినది. అచటను గీసితిమి. వంటయింటికి వచ్చు చీమలు పుట్టలోని చీమలలో కొద్ది పాలేయనియు, రాణిచీమ లోపలనే యుండి గ్రుడ్లు పెట్టుచునే యుండుననియు తరువాత తెలిసినది. ఇండ్లలో తిరుగు పసుపు వన్నె సన్నచీమలలో నొక జాతికి పుట్ట యొక్కింటికి పెక్కురు రాణులుందురు. విషపు మందు తగిలిన యెడల ఆ పుట్ట చీలి రెండు మూడగును. మా గీతలు వానిచేత వేఱు కాపురములు పెట్టించినవి కాబోలు.

వినాయక చవితికి మా చిన్నవాని పలకను, పుస్తకమును దేవుని యెదుట నుంచి పూజ చేసితిమి. వానికప్పుడు నాలుగేండ్లు; అ ఆలు దిద్దుచుండెను. తండ్రి బడినుండి రాగానే చొక్కా జేబులో చేయి పెట్టి సుద్దముక్క తీసికొనుట వానికి నిత్యకృత్యము. ఉపాధ్యాయుల యిండ్లలో పిల్లలకు బొమ్మలకంటె ముందు దొరకునవి సుద్దముక్కలే. చవితి వెళ్లిన మూడవ నాటి మధ్యాహ్నము మేము గిన్నెలు తోముచుండ, వాడు వసారాలో బహు బుద్ధిమంతుడై కూర్చుండి వ్రాసికొనుచుండుట చూచి మురిసితిమి. పిల్లలు పలక యెట్లు తుడుతురో తల్లులకు చెప్పనక్కఱలేదు. వ్రేలు నోట తడిపి తుడుచుట, మరల వ్రాయుట, మరల వ్రేలు నోట పెట్టుట. కొంతసేపటికి "అమ్మా, నాలిక మంట" అని యేడ్చుచు వచ్చెను. వాని చేతిలోనున్నది తండ్రి సుద్ద కాదు. నిత్యము అటక మీద దాచు చీమల సుద్దను ఆ యుదయమున బెల్లపు మూల గీసి, అచటనే మఱచితిమి.

అత్తగారు వానినెత్తుకొని పెరటిలోనికి పరుగెత్తి నోరు కడిగించిరి. మేము వ్రేలు గొంతున పెట్టి వాంతి చేయింపబోగా మావారు చేయి పట్టుకొని ఆపిరి. ఆపుటయే మంచిదైనదని, వాంతి బలవంతముగా చేయింపరాదని, తరువాత వైద్యుడు చెప్పెను. ఆటోలో పట్టణమునకు పోవుచుండగా దారిలో వాడే యొకమాఱు కక్కుకొనెను. వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "సుద్ద మీది కాగితం తెచ్చారా?" అని. ఆ కాగితమును మేము కొన్ననాడే పాఱవేసితిమి. అందేమి మందు కలిపిరో చెప్పలేక నిలువబడితిమి. ఇట్టి సుద్దలలో సామాన్యముగా సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అను మందులు కలుపుదురట. ఒక జాతి చేమంతి పువ్వులో పురుగులను చంపు గుణము గలదు. ఆ గుణమును అనుకరించి మనుష్యులు కర్మాగారములలో చేసినవి ఈ మందులు. సాయంకాలము వఱకు వానినచటనే పడుకొనబెట్టి చూచి, భయము లేదని చెప్పి పంపిరి. ఆ నాలుగు గంటలు మేమెట్లు గడిపితిమో వ్రాయలేము. చదివిన శ్లోకమొక్కటియు గుర్తుకు రాలేదు. గీత గీయుటను గూర్చి అత్తగారన్న మాట మాత్రము వినబడుచునే యుండెను.

ఇట్టి యాపద యెవరికిని రాకుండుగాక. వచ్చినచో, మందు మీది కాగితమును చేత పట్టుకొని పొండు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1995 నుండి జాతీయ విష సమాచార కేంద్రమొకటి రేయింబవళ్లు పనిచేయుచున్నది. వైద్యులకును, గృహస్థులకును ఫోను మీద సలహా చెప్పుదురు.

ఇల్లు చేరుసరికి దీపాలవేళ. వంటయింటి నేలయంతయు తడిగా నుండెను. అత్తగారు ఒంటరిగా కూర్చుండి, కుంకుడుకాయలు కొట్టి నానవేసిన నీళ్లతో, ఆ రసమునకు కళ్లు మండుచున్నను, గీతలన్నిటిని మూడు మాఱులు తుడిచి, ఆ గుడ్డను గోతిలో పాతిపెట్టిరి. మమ్ము చూచి యొక్క మాటయు ననలేదు. పిల్లవానిని ఒడిలో తీసికొని "శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు నాయనా, చీమ మందు మాత్రం కుడుతుందా" అని తమలో తామే యనుకొనిరి. మావారును మమ్ము పల్లెత్తు మాట యనలేదు. అన్నచో బాగుండెడిది.

మఱునాడుదయమున చూడగా వంటయింట ఒక్క చీమయు లేదు. సుద్ద గీతలు లేవు, చీమలును లేవు. ఇదేమి వింత యని మేమనుకొనుచుండ, మావారు నవ్వి, "అమ్మ గీతలే కాదు, దారి కూడా తుడిచేసింది" అనిరి. వారు బడిలో విజ్ఞానశాస్త్రము చెప్పుదురు. ఆ సాయంకాలము చీమలు తిరిగి యొకటొకటిగా రాసాగినప్పుడు వారు చిన్నవానిని, మమ్మును పిలిచి నేల మీద కూర్చుండబెట్టిరి. ఒంటిచీమ యొకటి అటునిటు తిరుగుచు ఒలికిన పంచదార పలుకును కనుగొనినది. దాని నడక అంతవఱకు త్రాగినవాని నడకవలె నుండెను. తిరిగిపోవునప్పుడు మాత్రము చక్కగా, పొట్టను నేలకు తాకించుచు పోయినది. కొంతసేపటికి అదే జాడన నాలుగు వచ్చినవి, తరువాత పది, తరువాత లెక్కపెట్టలేకపోతిమి. మావారు వ్రేలితో ఆ బారునకు అడ్డముగా నేలను గట్టిగా రుద్దిరి. అచటికి వచ్చిన చీమ గోడ తగిలినట్లు నిలిచిపోయినది. ఇటు చూచి, అటు చూచి, వెనుకకు మరలినది. ఇవతల నున్నవి ఇవతల, అవతల నున్నవి అవతల గుమిగూడినవి. నేల మీద మా కంటికేమియు కనబడుట లేదు.

చీమ దారిని ప్రధానముగా వాసనతో పోల్చుకొనును. తిండి దొరకిన చీమ ఇంటికి పోవుచు నేలపై వాసన రాచి పోవును; ఆ వాసన పట్టుకొని వచ్చినది, తానును తిండి కనుగొనిన యెడల, మఱికొంత రాచును. ఎంత మంది నడచిన అంత గట్టి దారి. తిండి లేకపోయిన యెడల రాయుట మానును. వాసన యెగిరిపోయి దారి చెఱిగిపోవును. అమెరికాలో ఎడ్వర్డ్ విల్సన్ అను శాస్త్రజ్ఞుడు ఆ వాసన నిప్పుచీమల పొట్టలోని యొక చిన్న గ్రంథినుండి వచ్చుచున్నదని 1959లో చూపెనట. ఇట్టి వాసనలకు ఫెరోమోన్ అను పేరు పెట్టుటయు ఆ సంవత్సరమే. ఇంత చిన్న జీవి పొట్టలో అంతకంటె చిన్న గ్రంథిని వెదకి తీసినవారి చేతులకు ఎంత ఓర్పు కావలెనో యని పప్పులో రాళ్లేరు వారమగు మాకు తోచినది.

మావారు మఱియొక సంగతియు చెప్పిరి. 1965లో నోబెల్ బహుమానము పొందినవారిలో నొకరగు రిచర్డ్ ఫైన్‌మన్ అను భౌతిక శాస్త్రవేత్త, ప్రిన్‌స్టన్‌లో విద్యార్థిగా నున్న దినములలో, తన గదిలోని తినుబండారములకు చీమలు పట్టగా చంపుటకు మనసొప్పక, చీమలు వచ్చు కంతకు దగ్గఱగా వేఱొకచోట పంచదార పెట్టి, కాగితపు ముక్కల మీద చీమలనెక్కించుకొని అచటికి మోసెనట. కొంత కాలమునకు క్రొత్త దారి గట్టిపడి పాత దారి చెఱిగినది. ఈ ముచ్చట ఆయన 1985లో వెలువడిన తన అనుభవముల గ్రంథమున వ్రాసికొనెను. అత్తగారు చెవియొగ్గి విని, "పాపం, వాళ్లమ్మ నేర్పి ఉంటుంది" అనిరి.

ఇక మేమిప్పుడు చేయుచున్న పని చెప్పెదము. రాత్రి భోజనములైన తరువాత పొయ్యిగట్టును, గోడ మొదలును, గడపను కుంకుడు నీళ్లతో తుడుచుట. కుంకుళ్లు లేనినాడు సబ్బునీళ్లు. ఏదైనను జిడ్డును కరగించునది కావలెను, వట్టి నీళ్లు చాలవు. వినెగరును సమముగా నీళ్లు కలిపి తుడిచినను, నిమ్మడిప్పతో రుద్దినను దారి చెఱుగును. కాని పొయ్యిగట్టు కడప బండతో గాని పాలరాతితో గాని కట్టినదైనచో ఈ పులుపులు వలదు. అవి సున్నపురాయి జాతివి; పులుపు తగిలిన తావున మెఱుపు పోయి మచ్చపడును. మా గట్టు మీద నిమ్మడిప్ప యంత మచ్చ యిప్పటికిని గలదు.

తుడుచుట కంటె కష్టమైనది వెదకుట. చీమల బారు కనబడగానే బెల్లము వైపు చూతుము గాని అది వచ్చిన వైపు చూడము. మేము మూడు రాత్రులు దీపము పట్టుకొని బారు వెంట వెనుకకు నడచితిమి. గడప క్రింద, చెదలు తిన్న కొయ్యకును నేలకును నడుమ, పెసరగింజ పట్టు కంత యొకటి యుండెను. దారి తుడిచి, చీమలు మరలిపోయిన తరువాత, తెల్ల సిమెంటుతో పూడ్చితిమి. వారము తిరుగకముందే కిటికీ క్రింద నింకొక కంత కనుగొన్నవి. అదియు పూడ్చితిమి. మూడవది తొట్టి గొట్టము గోడలోనికి పోవు చోట. అంతటితో మా యింటికి రాజమార్గములు మూసికొనిపోయినవి. సందుగొందులనుండి వచ్చునవి కొద్ది.

బెల్లమును గూర్చి మేము పొరబడిన దొకటి. డబ్బాలో పెట్టితిమి గదా, చీమలేల వచ్చుననుకొంటిమి. చీమలకు డబ్బాలోని బెల్లము అక్కఱలేదు, డబ్బా మీది చేతిజిడ్డు చాలును. నూనె డబ్బా అడుగున చుట్టుకొనిన వలయము, తేనె సీసా మెడ, పాకము కలిపిన గరిట పెట్టిన తావు, పిల్లలు లడ్డు తిని తలుపు పట్టుకొనిన గుర్తు, ఇవన్నియు వానికి సత్రములు. ఇప్పుడు నెలవాడకమునకు చాలినంత బెల్లము దంచి, మూత త్రిప్పి బిగించు డబ్బాలో పోసి, డబ్బా వెలుపల తడిగుడ్డతో తుడిచి పెట్టుదుము. మిగిలిన దిమ్మలకు మా యమ్మమ్మగారి కాలపు పద్ధతియే: పీట కాళ్లు నాలుగును నాలుగు నీళ్ల గిన్నెలలో నుంచుట. పీట గోడకు తగులరాదు. తగిలినచో గిన్నెలు నాలుగును దండుగ. నీటి మీద దుమ్ము మీగడకట్టిన యెడల దాని మీద చీమ నడచిపోవుట మేము కన్నులార చూచితిమి. అంతకంటె పెద్ద భయము దోమది. డెంగీ జ్వరమును తెచ్చు దోమ ఇట్టి చిన్న గిన్నెలలోని తేట నీటినే కోరును; గ్రుడ్డు దోమ యగుటకు వారము పది దినములు చాలును. కావున మూడు దినములకొకమాఱు నీళ్లు పాఱబోసి, గిన్నె లోపలి అంచును పీచుతో తోమవలెను. గ్రుడ్లు ఆ యంచుననే అంటుకొని యుండును. నీళ్లు మార్చినంత మాత్రమున పోవు.

పసుపు గీతను గూర్చి యెల్లరును చెప్పుదురు. మేమును పెట్టితిమి. పొడిగా నున్నంతవఱకు చీమలు కొంత వెనుదీసినవి. తడి తగిలిన మఱునాడు గీత మీదనే బారులు తీర్చినవి. దాల్చినచెక్క పొడియు నంతే. పంచదారలో లవంగములు వేయుట మంచి వాసన యిచ్చును; చీమలను ఆపునది మాత్రము లవంగము కాదు, మూత. కర్పూరము పొడిచేసి మూలల చల్లుదురు కొందఱు. పసిపిల్లలున్న యింట ఈ పని చేయకుడు. కర్పూరము పూజకు సంబంధించినదగుటచే నిరపాయమనుకొందుము గాని, పిల్లలు కొంచెము మ్రింగినను మూర్ఛలు తెప్పించు వస్తువది. వెలిగారము పంచదారతో కలిపి పెట్టిన చీమలు దానిని పుట్టలోనికి మోసికొనిపోయి రాణితో కూడ నశించుననుట నిజమే. కాని యది చీమలకెంత విషమో ప్రాకు బిడ్డకును అంత విషము. అంగళ్లలో ప్రకృతిసిద్ధమని వ్రాసి యమ్ము పొట్లములను చూచినప్పుడు మాకు ఆ చేమంతి పువ్వు జ్ఞాపకము వచ్చును.

వానకాలమున నెంత జాగ్రత్త పడినను కొన్ని వచ్చును. పుట్టలలో నీరు నిండగా మెరక వెదకుకొని మన యిండ్లకెక్కును. నోట తెల్లని మూటలు పట్టుకొని బారు తీర్చిపోవుచున్న చీమలను చూచి గ్రుడ్లు మోయుచున్నవి, వాన వచ్చునందుము. వానిలో పెక్కు గ్రుడ్లు కావు, గ్రుడ్డు దాటి యింకను చీమ కాని పసికందులు. ఇది తెలిసిన తరువాత వాని మీద నీళ్లు గుమ్మరించుటకు మాకు చేయి వచ్చుట లేదు.

ఇక అత్తగారి నూకలు. పెరటిగోడ మొదట చల్లుట మాన్పించి, దూరముగా కొబ్బరిచెట్టు క్రింద చల్లుడని మావారు ప్రార్థించిరి, వారొప్పుకొనిరి. దీనివలన చీమలు ఇంటికి వచ్చుట తగ్గునా యని మావారికి సందేహము. తిండి పెరిగిన పుట్ట పెరుగును గదాయని వారి వాదము. కడుపు నిండినవాడు పొరుగింటికేల పోవునని అత్తగారి వాదము. ఫైన్‌మన్‌గారు ఈ వివాదములో అత్తగారి పక్షమున నున్నారని చిన్నవాని తీర్పు. క్రిందటి వేసవిలో అత్తగారు మా ఆడబిడ్డగారింట పదునైదు దినములుండి వచ్చిరి. ఆ దినములలో నూకలు మాని యేమగునో పరీక్షించి చూడుమని మావారనిరి. శాస్త్రమునకు అది మంచి పరీక్షయే. కాని ప్రతి యుదయమును ముగ్గు చిప్ప లోపల పెట్టి రాగానే మా చేయి నూకల డబ్బా మీదికి పోవుచుండెను. పరీక్ష జరుగలేదు.

ఆ సంగతి జరిగిన నాటినుండి చిన్నవాడు ఏడు చేపల కథ చెప్పుమని ప్రతి రాత్రియు మామ్మను వేధించును. చీమ తన బంగారు పుట్టలో వ్రేలు పెట్టిన వానిని కుట్టితినని చెప్పు చోటికి రాగానే, "మరి మన ఇంట్లో పుట్ట లేదుగా, మనం వేలు పెట్టలేదుగా" అని వాని ప్రశ్న. ఆమె దినమునకొక సమాధానము చెప్పుదురు. వానికిప్పుడు ఏడేండ్లు. సుద్ద చూచిన ముందు వాసన చూచును.

ఈ యేటి వరలక్ష్మీ వ్రతమునకు పూర్ణపు పళ్లెరమును నీళ్లు పోసిన వెడల్పు బేసిను నడుమ, గిన్నె బోర్లించి దాని మీద నిలిపితిమి. పూలసజ్జ తెచ్చుటకు పోయి వచ్చుసరికి బేసిను అంచున ఒంటిచీమ యొకటి, ఆ త్రాగినవాని నడకతో, చుట్టు తిరుగుచున్నది. చిన్నవాడు నోటుపుస్తకములో కాగితము చించి దాని ముందు పెట్టెను. అది యెక్కినది. "వచ్చిందిగా, ఉత్తచేతులతో పంపకురా" అని అత్తగారు పూర్ణపు ఉండనుండి ఆవగింజంత గిల్లి కాగితము మీద పెట్టిరి. నైవేద్యము కాకముందే గిల్లితిరేయని మేమనబోయి మానితిమి. వాడు కొబ్బరిచెట్టు దగ్గఱకు ఊపిరి బిగబట్టి నడచిపోయి, ఖాళీ కాగితముతో తిరిగి వచ్చుసరికి, మేము బేసిను అంచును కుంకుడు నీళ్లతో రెండు చుట్లు తుడిచి యుంటిమి.